బిడ్డకు సత్రము చాలదు

అన్నము పెట్టుట వేరు, ఇల్లు కల్పించుట వేరు. మొదటి పనిని దయగల వారెవ్వరైనను ఒక పూటలో చేయగలరు. రెండవదానికి ఏండ్లు పట్టును, ఆలోచన కావలయును, అన్నిటిని మించి ఒకరు ముందుకు వచ్చి "ఈ బిడ్డ మాది" యని పలికి ఆ మాటమీద బ్రతికినన్నాళ్లు నిలువవలయును. తల్లిదండ్రుల యొడి తప్పిన పిల్లల విషయమున మన ప్రభుత్వములును, ధర్మసంస్థలును ఇన్నాళ్లును మొదటి పనిని మాత్రమే చేసి, రెండవదియు జరిగినట్లు తృప్తిపడుచు వచ్చినవి. బాటసారికి సత్రము పుణ్యస్థలమే. అచ్చట భోజనము గలదు, పడక గలదు, రాత్రివేళ దీపము గలదు. కాని బాటసారికి చేరవలసిన ఊరొకటి యుండును. ఏ యూరును లేని పసివానికి సత్రము చూపి, పండ్రెండేండ్లు అందే యుంచి, పదునెనిమిదవ యేట "ఇక పొమ్మ"ని చెప్పుట ధర్మమనిపించుకొనునా?

ఇప్పుడు మన దేశమున పోషక సంరక్షణ యను పద్ధతి క్రమముగా వ్యాపించుచున్నది. ఫోస్టరు కేరని వాడుకలో చెప్పుచున్నది దీనినే. అనాథాలయపు వసారాలలో వరుసగా పడుకొను పిల్లలను ఒక్కొక్క కుటుంబమునకు అప్పగించి, పోషణకై ఆ కుటుంబమునకు నెలనెలా కొంత ధనసహాయము చేయుట దీని స్వరూపము. ఆశ్రమముకంటె ఇల్లు మేలని చెప్పుటకు గొప్ప శాస్త్రజ్ఞానము అక్కరలేదు గనుక ఈ పద్ధతిని మేము స్వాగతించుచున్నాము. ఐనను ఒక్క మాట. పోషక కుటుంబము స్వభావముచేతనే తాత్కాలికము. అది సత్రములలో ఉత్తమమైన సత్రము కావచ్చును. ఇల్లు మాత్రము కాదు. "ఆ తరువాత ఏమి?" యను ప్రశ్నకు ప్రత్యుత్తరమును బిడ్డ గడప దాటిన మొదటినాడే వెదకవలెననియు, ఆ ప్రత్యుత్తరమునకు ఒక తేదీ యుండవలెననియు చెప్పుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ విషయము మన పూర్వులు ఎఱుగనిది కాదు. ధర్మశాస్త్రములు పండ్రెండు విధములైన పుత్రులను పేర్కొన్నవి. తల్లిదండ్రు లిరువురుగాని, వారిలో ఒకరుగాని విడిచిపెట్టగా, అన్యులు చేకొని పెంచుకొన్న వానికి ఆ వరుసలో 'అపవిద్ధు'డని పేరు. త్రోసివేయబడిన వానికి సైతము పుత్రస్థానము లభించినదనుట గమనింపదగినది. భారతమున ఉద్యోగపర్వమునందు శ్రీకృష్ణుడు కర్ణునకు జన్మరహస్యము నెఱిగించి, జ్యేష్ఠ పాండవుడవై రాజ్యమేలుమని పిలిచిన ఘట్టము తెలియని తెలుగువాడు ఉండడు. ఆనాడు కర్ణుడు చెప్పిన సమాధానమేమి? తన్ను జూచినంతనే రాధకు పాలు చేపినవనియు, అధిరథుడు జాతకర్మాదులు జరిపి పేరుపెట్టి పెండ్లి చేసెననియు, భూమండల మంతయు ఇచ్చెదమన్నను ఆ బంధమును త్రెంచుకొనజాలననియు. కన్నది కుంతి; అతడు కడవరకు రాధేయుడే. శాశ్వతమైన యిల్లనగా నేమో ఇంతకంటె విస్పష్టముగ ఏ చట్టమును చెప్పజాలదు.

ఐతే మన దత్తత ధర్మమున ఒక కొఱత యుండెను. అది పెద్దల యవసరమును జూచి పుట్టినది. పిండోదకములకు పుత్రుడు కావలయును. భూమి పరులపాలు గాకుండ వారసుడు కావలయును. కావున మగబిడ్డను, అందును జ్ఞాతులలో తెలిసినవారి బిడ్డను తెచ్చుకొనెడివారు. వీధిలో విడువబడిన ఆడశిశువు ఆ ధర్మమున కంటబడలేదు. 1956 నాటి హిందూ దత్తత, భరణముల చట్టము ఆడపిల్లను దత్తత చేసికొనుటకును, స్త్రీ తానుగా దత్తత తీసికొనుటకును త్రోవ చూపినది. ఇతర మతములవారికి 1890 నాటి చట్టము క్రింద సంరక్షకత్వమే గాని సంపూర్ణమైన దత్తత లేకుండెను. బాల న్యాయ చట్టము వచ్చి ఆ భేదమును తొలగించినది. ఏ మతమువారైనను ఆ చట్టము ననుసరించి దత్తత తీసికొనవచ్చునని 2014లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఇప్పుడు అమలులోనున్నది 2015 నాటి బాల న్యాయ చట్టము. ఇది 2016 జనవరి 15వ తేదీనుండి నడచుచున్నది. ఈ చట్టపరంపరవలన జరిగిన గొప్ప మార్పు ఒక్కటే: ఇంటికొఱకు బిడ్డను వెదకుట పోయి, బిడ్డకొఱకు ఇల్లు వెదకుట వచ్చినది. చట్టమున వచ్చిన ఈ మార్పు మన మనస్సులలోనికి ఇంకను రావలసియున్నది.

పోషక సంరక్షణకును దత్తతకును గల భేదమును పాఠకులు స్పష్టముగ నెఱుంగవలెను. దత్తపుత్రుడు చట్టము దృష్టిలో సర్వవిధముల ఆ యింటి బిడ్డయే. ఇంటిపేరు, ఆస్తిహక్కు, సర్వమును సంక్రమించును. పోషక కుటుంబమున నున్న బిడ్డకు ఇవి యేవియు లేవు. ఆ కుటుంబము బిడ్డకు తిండి, చదువు, వైద్యము సమకూర్చవలెను. కన్నవారు వచ్చి చూచిపోవుటకు, అది బిడ్డకు కీడు కానంతవఱకు, అవకాశము గలదు. అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను సాధ్యమైనంతవఱకు ఒక్కచోటనే యుంచవలెనని చట్టము చెప్పుచున్నది. నెలకొకసారి వచ్చి బిడ్డ క్షేమమును పరీక్షింపవలెననియు చెప్పుచున్నది. మిషన్ వాత్సల్య పథకము క్రింద నెలకు 4,000 రూపాయల సహాయము గలదు. అన్నిటికంటె ముఖ్యమైన నిబంధన వేరొకటి గలదు. దత్తతకు తగినదని బాలల సంక్షేమ సమితి భావించిన బిడ్డను దీర్ఘకాలిక పోషక సంరక్షణకు అప్పగింపరాదు. అనగా, సొంత యిల్లు దొరకు నవకాశమున్నప్పుడు సత్రముతో సరిపెట్టరాదని శాసనకర్తలు తలంచిరి. తలంపు మంచిది. ఆచరణలో ఏమగునో తెలిసికొనుటకు, ఈ త్రోవను మనకంటె ముందుగా నడచిన దేశము ననుభవము చూడవలసియున్నది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1854 మొదలు 1929 వఱకు, న్యూయార్కు మున్నగు తూర్పు పట్టణముల వీధులలోని బీద పిల్లలను రైళ్లకెక్కించి, పడమటి పల్లెలకు పంపి, స్టేషనులవద్ద నిలువబెట్టి, కోరిన రైతులకు అప్పగించుచుండిరి. ఛార్లెస్ లోరింగ్ బ్రేసు అను మతబోధకుడు ఈ యుద్యమమునకు మూలపురుషుడు. అతని యుద్దేశము సత్తే. కొందఱికి నిజముగా తల్లిదండ్రులు దొరికిరి. మఱికొందఱు కూలిలేని కూలివాండ్రైరి. వారిలో అనేకులకు కన్నవారు బ్రతికియే యుండిరి. 1909లో అధ్యక్షుడు థియొడోరు రూజ్వెల్టు పిలిపించిన మహాసభ, పేదరికము ఒక్కటే కారణముగా బిడ్డను ఇంటినుండి తీయరాదనియు, ఆశ్రమముకంటె కుటుంబము మేలనియు తీర్మానించినది. పోషక గృహములు పెరిగినవి. సమస్య తీరినదని దేశము ఊపిరి పీల్చుకొన్నది.

తీరలేదు. 1959లో మాస్, ఎంగ్లర్ అను ఇరువురు పరిశోధకులు తొమ్మిది ప్రాంతములలోని పోషక గృహముల పిల్లల స్థితిని పరిశీలించి గ్రంథము ప్రకటించిరి. తాత్కాలికమని ఉంచిన పిల్లలు ఏండ్ల తరబడి అచ్చటనే యుండిరి. ఒక యింటినుండి మఱియొక యింటికి మారుచుండిరి. కన్నవారు చూడవచ్చుట క్రమముగా మానిరి. ఏడాదిన్నర దాటిన బిడ్డ ఎచ్చటికిని పోకుండ అందే పెరిగిపోవుట సామాన్యమైపోయినది. ఎవ్వరును ఆ పిల్లలకు కీడు తలపెట్టలేదు. ఎవ్వరును ఏమియు నిర్ణయింపలేదు, అంతే. తెరచాప లేని పడవవలె ప్రవాహమున కొట్టుకొనిపోవు ఈ స్థితికి ఆ దేశమువారు ఒక పేరే పెట్టిరి. దుర్మార్గునివలన కలుగు హానిని న్యాయస్థానము పట్టుకొనగలదు. నిర్ణయరాహిత్యమువలన కలుగు హానిని పట్టుకొనువారెవ్వరు?

1973లో ఆరెగను రాష్ట్రమున ఒక ప్రయోగము జరిగినది. ఇంటికి తిరిగి పోవుదురన్న యాశ లేదని అధికారులు వదలుకొన్న పిల్లలను ఏరి, ఒక్కొక్క ఉద్యోగికి కొద్దిమందిని మాత్రమే యప్పగించి, ఒక్కొక్కరికి ఒక నిర్దిష్టమైన ప్రణాళికను, గడువును ఏర్పరచిరి. ఆశ లేదనుకొన్న వారిలో కొందఱు కన్నవారి యిండ్లకే తిరిగి చేరిరి. మఱి యనేకులు దత్తత పొందిరి. పిల్లలు మారలేదు, కన్నవారు మారలేదు. మారినది అధికారి బల్లమీది కాగితము, దానిని పట్టించుకొను మనస్సు. ఈ యనుభవమును పునాదిగా గొని 1980లో ఆ దేశము చట్టము చేసినది. ప్రతి బిడ్డకు వ్రాతపూర్వకమైన ప్రణాళిక, ఆరు మాసములకొక సమీక్ష, కుటుంబమును నిలబెట్టుటకు సమంజసమైన ప్రయత్నము అందు విధింపబడినవి. 1997లో మఱియొక చట్టము గడువును బిగించినది. గడచిన 22 మాసములలో 15 మాసములు పోషక సంరక్షణలో నున్న బిడ్డ విషయమున, కొన్ని మినహాయింపులకు లోబడి, కన్నవారి హక్కులను రద్దుచేయుటకు ప్రభుత్వము న్యాయస్థానమును కోరవలసినదే.

ఈ గడువు నెందఱో మెచ్చుకొనిరి, ఎందఱో నిందించిరి. ఇరువురి మాటలోను సత్యము గలదు. దత్తతలు పెరిగినవి. చెఱసాలలో నున్న తల్లి, చికిత్స పొందుచున్న తల్లి, అద్దె కట్టలేని తల్లి ఈ గడియారముతో పందెము పెట్టుకొని ఓడిపోవుటయు జరిగినది. హక్కులు రద్దై, క్రొత్త తల్లిదండ్రులును దొరకక, చట్టము చేతనే అనాథలైన పిల్లలు ఏర్పడిరి. అచ్చటి ఆదిమజాతుల పిల్లలను తరతరములుగా తీసికొనిపోయి పరుల యిండ్లలో పెట్టిన యన్యాయమునకు అడ్డుకట్టగా 1978లోనే ప్రత్యేక చట్టము చేయవలసివచ్చినది. ఇంత జరిగినను 2022 సెప్టెంబరు చివరకు ఆ దేశమున సుమారు 3,69,000 మంది పిల్లలు పోషక సంరక్షణలో నుండిరి. ఆ సంవత్సరమున 18,000 మందికి పైగా ఏ యింటికిని చెందక, వయస్సు చెల్లి బయటకు వచ్చిరి. గడువు లేకున్న బిడ్డ కొట్టుకొనిపోవును. సహాయము లేని గడువు కన్నతల్లిని ముంచును. మనకు రెండును పాఠములే.

కాలమునకు ఇంత ప్రాముఖ్యమేల యని కొందఱు ప్రశ్నింపవచ్చును. రుమేనియా రాజధానియగు బుకారెస్టులో ఈ శతాబ్ది యారంభమున ప్రారంభమైన ఒక పరిశోధన దీనికి సమాధానము. ఆశ్రమములలోని 136 మంది పసిపిల్లలలో సగముమందిని శిక్షణ పొందిన పోషక కుటుంబములలో పెట్టి, తక్కినవారితో ఏండ్ల తరబడి పోల్చి చూచిరి. ఇండ్లకు చేరిన పిల్లల బుద్ధివికాసము మెరుగుపడినది. రెండేండ్ల లోపల చేరినవారికి మేలు మఱింత హెచ్చుగ కలిగినది. కార్యాలయమున ఒక దస్తావేజు ఆరు మాసములు నిద్రించిన నష్టమేమియు లేదని గుమాస్తా యనుకొనును. రెండేండ్ల బిడ్డకు ఆరు మాసములన గడచిన జీవితమున నాలుగవ పాలు. వరినారునకు అదను దాటిన తరువాత ఎంత నీరు పెట్టినను ఫలమెంతయో రైతులైన మా పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక మన స్థితిని చూతము. 2016-17లో కేంద్రప్రభుత్వము చేయించిన సర్వేలో దేశమంతట 9,589 బాలల సంరక్షణ సంస్థలు లెక్కకు వచ్చినవి. అందు 3,70,000 మందికి పైగా పిల్లలుండిరి. వీరందఱును అనాథలు కారు. అనేకులకు తల్లియో, తండ్రియో, మేనమామయో గలరు. పేదరికమువలననో, త్రాగుడువలననో, రోగమువలననో, తల్లి మారుమనువువలననో పిల్లలు ఆ గుమ్మములకు చేరినవారు. పండుగకొకసారి ఎవరో వత్తురు, తరువాత ఏడాదికొకసారి, పిదప రారు. వీరు కన్నవారికి చెందరు, దత్తతకును చెందరు. మన బాలసదనములలో ఇట్టి త్రిశంకు స్థితిలో పెరుగుచున్న పిల్లల ప్రశ్నయే నేటి నిజమైన ప్రశ్న.

దత్తత విషయమున సంగతి మఱియు విచిత్రము. 2022 ఆగష్టున పార్లమెంటరీ సంఘము సమర్పించిన నివేదికయందు, 2021 డిసెంబరు నాటికి దత్తతకొఱకు పేరు నమోదు చేసికొని ఎదురుచూచుచున్నవారు 27,939 మంది యని యున్నది. సంస్థలలో దత్తతకు తగినవారుగ భావింపబడిన అనాథ, పరిత్యక్త, సమర్పిత బాలలు 6,996 మంది. వారిలో చట్టరీత్యా దత్తతకు స్వేచ్ఛ గలవారని ప్రకటింపబడినవారు 2,430 మందియే. ఒక ప్రక్క ఒడి చాచి మూడేండ్లకు పైగా ఎదురుచూచు దంపతులు. ఒక ప్రక్క ఒడికొఱకు ఏడ్చు పిల్లలు. నడుమ ఒక కాగితము. విచారణ చేసి ఆ ప్రకటన చేయుటకు చట్టము గడువు విధించినది: రెండేండ్ల లోపు బిడ్డకు రెండు మాసములు, ఆ పై వయస్సువారికి నాలుగు మాసములు. 2021లో చట్టమును సవరించి, దత్తత ఉత్తరువు లిచ్చు అధికారమును న్యాయస్థానములనుండి జిల్లా కలెక్టరులకు మార్చిరి. 2022 సెప్టెంబరునుండి అది అమలులోనున్నది. 2024-25లో దేశమున 4,515 దత్తతలు జరిగినవి. ఇంతకు ముందు సంవత్సరమున 4,009. వృద్ధి సంతోషకరమే. కాని లక్షలలో నున్న సంఖ్యముందర వేలలోని యీ వృద్ధి ఎంత? పైగా ఎదురుచూచువారిలో అత్యధికులు కోరునది ఆరోగ్యముగల పసికందును. ఎనిమిదేండ్ల వానిని, చెల్లెలి చేయి విడువనన్న అక్కను, నడువలేని బిడ్డను కోరువారేరి?

ఇచ్చట తొందరపాటు నేర్పిన గుణపాఠమును మన తెలుగుదేశము మఱువరాదు. 1999లోను, 2001లోను హైదరాబాదు కేంద్రముగా బయటపడిన వృత్తాంతములవలన, నల్లగొండ మున్నగు జిల్లాల లంబాడీ తండాలలో పేదతల్లుల ఆడశిశువులను దళారులు కొద్దిపాటి సొమ్ముకు కొని, తల్లి తానుగ విడిచినట్లు కాగితములు పుట్టించి, దత్తత పేరున విదేశములకు పంపు వ్యాపారము సాగినదని లోకమునకు వెల్లడియైనది. కాగితములన్నియు సక్రమముగనే యుండెను. తల్లి సమ్మతి మాత్రము సమ్మతి కాదు. ఆకలిచేత పెట్టిన వ్రేలిముద్రను త్యాగపత్రమనుట కంటె ఘోరము లేదు. బిడ్డను సమర్పించిన తల్లి మనస్సు మార్చుకొనుటకు చట్టము ఇప్పుడు రెండు మాసముల వ్యవధి యిచ్చుచున్నది. ఆ రెండు మాసములలో ఆమె యింటికి వెళ్లి, "అమ్మా, నెలకు ఈ సహాయము దొరకిన బిడ్డను ఉంచుకొందువా?" యని అడుగువారు ఉండిననే ఆ వ్యవధికి అర్థము. పోషక కుటుంబమునకు నెలకు 4,000 రూపాయ లీయగల ప్రభుత్వము, తగిన సందర్భములలో అదే సొమ్మును స్పాన్సరుషిప్పు పేరున కన్నతల్లికే యీయవచ్చును. నియమము గలదు. దానిని ముందుగా ప్రయోగించిన తరువాతనే బిడ్డను తీయుటను గూర్చి యోచింపవలెను.

కావున మేము కోరునది తొందరయు గాదు, జాగును గాదు. ప్రతి బిడ్డకు ప్రత్యేక సంరక్షణ ప్రణాళిక యుండవలెనని చట్టమే చెప్పుచున్నది. ఆ ప్రణాళిక ఎట్లుండవలెను? పేరు, ఎత్తు, బరువు, తరగతి నింపిన నమూనా కాగితము ప్రణాళిక కాదు. మొదటి ప్రశ్న: ఈ బిడ్డ కన్నవారి యింటికి పోగలదా? పోవుటకు అడ్డమేమి? ఆ యడ్డమును తొలగింప నెవరు, ఏమి, ఏ తేదీలోపల చేయవలెను? తండ్రి త్రాగుడు అడ్డమైన, చికిత్స యెచ్చట? ఇల్లు లేకున్న, మంజూరు చేయవలసినవాడెవడు? రెండవ ప్రశ్న: అది సాగనిచో అమ్మమ్మయో, పినతండ్రియో, మేనత్తయో ముందుకు వత్తురా? వారికి చేయవలసిన సాయమెంత? మూడవ ప్రశ్న: అదియు లేనిచో దత్తతకు బిడ్డను ఎప్పుడు స్వతంత్రుని చేయవలెను? ఈ మూడు ప్రశ్నలను ఒకదాని తరువాత ఒకటిగా మూడేండ్లు సాగదీయుట బిడ్డకు ద్రోహము. ఒక ప్రక్క కన్నవారిని నిలబెట్టు ప్రయత్నము నడచుచుండగనే, అది విఫలమైనచో చేరవలసిన యింటిని రెండవ ప్రక్క సిద్ధపరచవలెను. వైద్యుడు మందిచ్చుచునే శస్త్రచికిత్సకు సన్నాహము చేయును గదా! ఈ సంగతిని కన్నవారికి మొదటినాడే దాపరికము లేక చెప్పవలెను. గడువును, దాని ఫలితమును వారి భాషలో తెలియపరుపవలెను.

ఇంకొక ముఖ్యవిషయము. పోషక కుటుంబముతో బిడ్డ మనస్సు ముడిపడిపోయిన పిమ్మట, చట్టము దానికి దత్తతకు స్వేచ్ఛ నిచ్చినప్పుడు, బిడ్డను ఆ యింటినుండి పెకలించి క్రొత్త యింట నాటవలెనా? 2024లో సవరించిన పోషక సంరక్షణ మార్గదర్శకములు దీనికి మంచి పరిష్కారము చూపినవి. అంతకుముందు అయిదేండ్లు పెంచిన పిమ్మటగాని పోషక కుటుంబమునకు ఆ బిడ్డను దత్తత చేసికొను వీలు లేకుండెను. ఇప్పుడు రెండేండ్లకే అది సాధ్యము. ఏకాకులైన స్త్రీపురుషులును పోషకులు కావచ్చును; స్త్రీ మగబిడ్డనైనను ఆడబిడ్డనైనను పెంచవచ్చును, పురుషునకు మగబిడ్డనే యప్పగింతురు. ఆరేండ్లు దాటి, సంస్థలలో నుండి, చూడవచ్చువారు లేని పిల్లలకు, పెంచుటకు అనర్హులైన సంరక్షకులు గల పిల్లలకు ఈ మార్గము తెరువబడినది. మా త్రిశంకులకు ఇదియే స్వర్గద్వారము కావచ్చును. కాని ద్వారము తెరచిన చాలదు. చేయిపట్టి నడిపించువారు కావలయును. ఆ పని జిల్లా బాలల పరిరక్షణ విభాగములది, అధ్యక్షునితో గూడ అయిదుగురు సభ్యులు గల బాలల సంక్షేమ సమితులది. ఈ సమితులలో ఖాళీలను ఒక్క వారమైనను నిలుపరాదు. ఏ బిడ్డ ఎన్ని మాసములనుండి నిర్ణయము లేక యున్నదో, ఆ సంఖ్యను పేర్లు చెప్పకుండ మూడు మాసములకొకసారి జిల్లా కలెక్టరు ప్రకటింపవలెనని మా సూచన. పన్ను బకాయిల పట్టిక వ్రాయగల ప్రభుత్వము, బిడ్డల బకాయిల పట్టికను వ్రాయలేదా?

బిడ్డ మాటయు వినవలెను. పదేండ్ల బాలికను ఎచ్చటికి పంపుదురో ఆమెకు తప్ప ఊరందఱకును తెలిసియుండుట మన కార్యాలయములలో వింత కాదు. ఎందుకు వచ్చితినో, ఎన్నాళ్లుందునో, తమ్ముడెచ్చట నున్నాడో, అమ్మ యెప్పుడు వచ్చునో, ఈ నాలుగు ప్రశ్నలకు నిజమైన సమాధానము పొందుట ప్రతి బిడ్డ హక్కు. ఒక యింటినుండి మఱియొక యింటికి పోవునప్పుడు బట్టలతోపాటు పుట్టిన తేదీ, టీకాల వివరము, పాఠశాల పత్రములు, ఒకటి రెండు ఛాయాపటములు బిడ్డవెంట పోవలెను. తన పూర్వచరిత్రను పోగొట్టుకొన్నవానికి క్రొత్త యింటిలో వేరు పారదు.

కడపట మా పాఠకులగు భూస్వాములకును, పట్టణవాసులకును ఒక విన్నపము. "మా యింట ఒక పిల్లవానిని పెంచుకొనుచున్నా"మని చెప్పుకొనుట మన పల్లెలలో పాతకాలపు గౌరవము. నిజము చెప్పుకొందము. ఆ పిల్లవాడు ఎచ్చట పడుకొనుచున్నాడు? ఇంటి పిల్లలతోకూడ బడికి పోవుచున్నాడా, పశువులకొట్టములో పేడ ఎత్తుచున్నాడా? కాగితము లేని పెంపకము, హక్కు లేని పెంపకము, పాలేరుతనమునకు మఱియొక పేరుగ మారుట మన మెఱుగనిది కాదు. నిజముగ పెంచదలచినవారు జిల్లా బాలల పరిరక్షణ విభాగమునకు దరఖాస్తు పెట్టుకొని, విచారణకు ఒప్పుకొని, నెలనెలా తనిఖీకి తలుపు తెరచి, చట్టరీత్యా పోషకులు కావలెను. మనస్సు నిలిచిన పిమ్మట దత్తత చేసికొనవలెను. "కులమేదో, రక్తమేదో, రేపు ఆస్తి యేమగునో" యను శంక గలవారు ముందుగా ఆ శంకను తమలోనే పరిష్కరించుకొని రావలెను. బిడ్డ నెత్తిన దానిని రుద్దరాదు. పసికందులకొఱకు మూడేండ్లు వరుసలో నిలుచు దంపతులు, ఏడేండ్ల వానిని, జంట తోబుట్టువులను గూర్చి ఒక్క రాత్రి యాలోచింతురుగాక. పెంచగల శక్తి లేనివారు, కన్నతల్లియొద్దనే బిడ్డ పెరుగుటకు సాయపడవచ్చును. వీధిలోని ఒంటరి తల్లికి ప్రభుత్వ సహాయపు దరఖాస్తు వ్రాసి పెట్టుట సత్రము కట్టించుటకంటె తక్కువ పుణ్యము కాదు.

మన ధర్మబుద్ధి సత్రములను కట్టించినది, చెరువులను త్రవ్వించినది, చలివేంద్రములు పెట్టినది. అవి బాటసారుల కొఱకు. బిడ్డ బాటసారి కాడు. ఈ రాత్రి ఏదో యొక బాలసదనమున ఒక పిల్ల, రేపు నేనెచ్చట నుందునని తోడి పిల్లను అడుగుచుండును. దానికి సమాధానము ఒక దస్తావేజులో ఒక తేదీగా వ్రాయబడి, ఆ తేదీకి ఒక మనిషి జవాబుదారియైన దినమున మన చట్టము చట్టమగును. అంతవఱకు అది మంచి యక్షరములు గల కాగితము మాత్రమే.